టబ్బు నూకుడు

పన్నెండు కుట్టమన్నది మిసావో టీచర్.
నయీంనగర్‌ల మా షటర్ ముందు చెప్పులిడిచి లోపలికొచ్చి
బిల్లుకాగితం ఎనుక బొమ్మ గీసింది.
గుండీల్లేవు, హుక్కుల్లేవు,
చేతులు మాత్రం గోనెసంచి మూతంత వెడల్పు.
"నైటీలా అక్కా?" అన్నది కాజాలు కుట్టే రమ్యశ్రీ.
నేను మీటర్లు లెక్కేస్తున్న.
నీలం నూలుగుడ్డ పరకాల నుంచి తెప్పిచ్చిన.
కూలికి బేరమాడలే ఆమె.
ఒక్క షరతు పెట్టింది:
పదమూడోది మీకు. శనివారం రావాలె.

శ్రావణం. పొద్దుమూకంగ ముసురు వట్టింది.
సుబేదారి దిక్కు ఫంక్షన్ హాలు ఎనుక ఖాళీ జాగ,
నడుమ టెంట్‌హౌస్ బల్లలతోని మంచె,
మంచె మీద డప్పు ఓదెలు,
"గింత నిమ్మళంగ కొడితే పీనుగ గూడ లేవది" అని
గొణుక్కుంటున్నడు.
తాళ్లకు కాగితం లాంతర్లు.
రెండు అప్పుడే మెత్తవడి వేలాడుతున్నయి.

బాత్రూం అద్దంల చూసుకుంట కట్టుకున్న,
ఆడోళ్ల అంగీకి ఎట్లుంటదో అట్ల,
కుడి పొర పైకి.
మిసావో ఉరికొచ్చి ముడి విప్పింది.
"ఇట్ల పోయినవాళ్లకే" అన్నది
వచ్చీరాని తెలుగుల.
ఎడమ పొర పైకి తెచ్చి
నన్ను మళ్ల బతికిచ్చింది.

ఈ పండుగ గూడ పోయినోళ్లదేనట.
మూడొద్దులు ఇంటికొస్తరట, ఆడి సాగనంపుతరట.
మా పెత్రమాస లెక్కనా అన్న.
ఆమెకు పెత్రమాస తెల్వది.
బియ్యం, గుమ్మడికాయ అని నేను చేతులతోని చెప్పిన,
దోసకాయ అన్నది ఆమె.
దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తరట, జల్ది రానీకి.
పోయేటప్పుడు వంకాయ ఆవు, నిమ్మళంగ.
మా నాయినకు గుర్రమా!
గోదావరిఖనిల అట్లాస్ సైకిలు తప్ప
ఏదీ ఎక్కలేదు ఆయన.

మూడో ఆట బొగ్గుబాయిది.
వాళ్ల దిక్కు గూడ బాయిలుండెనట, మూసేసిన్రట.
రెండుసార్లు తవ్వుడు,
భుజం మీదికి ఎత్తుడు,
ఒకడుగు ఎనుకకేసి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టి
చందమామను చూసుడు,
అరచేతులతోని బండి నూకుడు.
ఒసాకల నౌకర్లకు భాష నేర్సే పిల్లలు
ఫోన్లు నడుముకు చెక్కుకొని తిరుగుతున్నరు.

తవ్వుడు నాకు నేర్పాల్నా?
ఇరవై ఆరేండ్లు కోల్‌ఫిల్లర్ మా నాయిన.
రాత్రి బదిలి దిగొస్తే కండ్ల చుట్టు
సబ్బుకు పోని కాటుక.
నిద్రల గూడ భుజం ఎగిరేది.
చందమామ ముచ్చట మాత్రం అబద్ధం.
లోపల చందమామ ఏడిది?
టోపికి లైటు, లైటు ముందట దుమ్ము.
బండ కూలిననాడు
ఆ లైటు ఇంకా ఎలుగుతనే ఉండెనట.
దాన్ని వట్టే దొరికిచ్చుకున్నరు.

నూకుడు కాడ నా కాళ్లాగినయి.
ఎనుక పిల్లగాడు ఈపుకు తాకిండు.
ఏమైందన్నది టీచర్.
"గిట్ల నూకితె టబ్బు కదలది.
పట్టాల మీద నీళ్లుంటయి, చేతులు జారుతయి.
భుజం వెట్టాలె. తల కిందికి."
చేసి సూపెట్టిన.
యాభై రెండేండ్లదాన్ని, మంది నడుమ వంగి
లేని బండిని నూకుతున్న.
ఎవ్వరు నవ్వలే.
ఓదెలు డప్పు ఆపిండు.
"మా చిన్నాయిన గూడ బెల్లంపల్లిల..." అన్నడు,
కడమది చెప్పలే.
పుల్ల మార్చి ఒక్క దెబ్బ కొట్టిండు, బరువుగ.

మళ్లొక చుట్టు.
తవ్వుడు, ఎత్తుడు, చందమామ,
ముసురుల అదెట్లాగు లేదు.
నూకుడు కాడ పిల్లలందరు
భుజం దించి తల వంచిన్రు.
మిసావో గూడ.

వంగి లేస్తుంటే నా పట్టీ సడలి
కుడి పొర పైకొచ్చింది.
సర్దుకోలే,
ఆ చుట్టు అయ్యేదాక.